పర్లాకిమిడి ఆదివారం బడి: నెలకి 300 పెట్టొచ్చా?

నెలకి 300 తీసుకుని పిల్లలకి మనస్సాక్షి మాట వినడం నేర్పుతామంటే మొదట నాకు నవ్వొచ్చింది. మాది కిరాణా కొట్టు. కందిపప్పు బస్తా దింపుకునే ముందు గుప్పెడు తీసి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూసే రకాన్ని. ఈ సరుకుని ఏ గుప్పెట్లో పట్టి చూడాలి? పైగా ఇలాంటివి మా ఊళ్ళో ఇంతకుముందూ వచ్చాయి. పెద్ద బ్యానరు, ప్రారంభం రోజున శాలువాలు, రెండు నెలలు శ్లోకాలు, ఆ తరవాత మూత. అందుకే కొన్నాళ్ళు పోనిచ్చి రాద్దామని ఊరుకున్నాను. ఇది మూతపడలేదు, పిల్లలు మానలేదు. కాబట్టి రాస్తున్నాను.

నడిపేవాళ్ళ పేర్లు రాయను, వాళ్ళకి ఇష్టం లేదు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన, ఆయన భార్య, సాయానికి డిగ్రీ చదువుతున్న ఇద్దరు కుర్రాళ్ళు. ఒక కోవెల వెనకాల రేకుల షెడ్డు. ఆదివారం పొద్దున్న 8 నుంచి 10 వరకు అంటారు గాని 8:20 కి ముందు మొదలైన పాపాన పోలేదు. మా అమ్మాయి అయిదో తరగతి, అబ్బాయి ఒకటి. ఇద్దర్నీ పంపిస్తున్నాను. ఇంకో సంగతి ముందే చెప్పెయ్యాలి. ఆ బళ్ళో పెట్టే పెన్సిళ్ళు, రబ్బర్లు, నోటుపుస్తకాలు మా కొట్టు నుంచే వెళ్తాయి. కొన్న ధరకే ఇస్తున్నాను, లాభం లేదు. అయినా చెప్పకుండా మెచ్చుకుంటే బాగోదు.

పాఠం మన తెలుగులోనే. మా ఊరు ఒడిశాలో ఉంది కాబట్టి ఇక్కడి గుంటలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ట్యూషన్లో ఇంగ్లీషు. మాట్లాడేస్తారు గాని అక్షరాలు చాలామందికి రావు. అందుకని కథ నోటితోనే చెప్తారు, అదే కథ ఉన్న కాగితం ఇంటికి పంపిస్తారు. పెద్దవాళ్ళు చదివి వినిపించాలి. మా ఇంట్లో ఆ పని మా అమ్మది. ఆవిడ కథని తనకి నచ్చినట్టు మార్చి, దొంగకి చివర్లో పెళ్ళి కూడా చేసేస్తుంది. అది వేరే సంగతి.

నాకు నచ్చిన మొదటి విషయం, కథ అయ్యాక 'ఇందులో నీతి ఏమిటి' అని అడగకపోవడం. 'నువ్వైతే ఏం చేసుందువు, ఎందుకు' అని అడుగుతారు. అడిగాక వెంటనే చెయ్యెత్తడానికి వీల్లేదు. కాసేపు ఎవరూ మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ కాసేపు మా అబ్బాయికి నరకం.

మొదట్లో ఒక ఆదివారం తలా ఒక అరటిపండు ఇచ్చి, ఎవరూ చూడని చోట తినేసి అరగంటలో రమ్మన్నారు. కన్నడ భక్తకవి కనకదాసు కథ తెలిసినవాళ్ళకి ఇది ఎక్కడిదో అర్థమైపోతుంది. గురువు వ్యాసతీర్థులు ఇలాగే పళ్ళిస్తే మిగతా శిష్యులంతా తినొచ్చారు, కనకదాసు మాత్రం దేవుడు చూడని చోటు దొరకలేదని పండు వెనక్కి తెచ్చాడు. మన గుంటలు ఏం చేశారంటే, ఒకడు స్నానాల గదిలో, ఒకత్తె మంచం కింద, మా వాడు మాస్టారి మాట పూర్తవకముందే అక్కడే. ఒక పిల్ల పండు పట్టుకుని తిరిగొచ్చింది. ఆహా అనుకునేలోపు, 'మా ఇంట్లో ఎక్కడికెళ్ళినా మామ్మ ఉందండి' అంది. ఇంకొక కుర్రాడు కూడా తినకుండా తెచ్చాడు. వాడు ఆ కథ యూట్యూబులో చూశాడు. చప్పట్లు కొడతారని అటూ ఇటూ చూశాడు. మాస్టారు 'బాగుంది, ఇప్పుడు తినెయ్' అని ఊరుకున్నారు. అక్కడే ఆయన మీద నాకు గురి కుదిరింది.

కనకదాసు కథ అయ్యాక ఆయన జాతక కథల్లోంచి ఇంకొకటి చెప్పారు. ఒక గురువు, కూతురి పెళ్ళికి బట్టలూ నగలూ కావాలి, మీ మీ ఇళ్ళనుంచి ఎవరూ చూడకుండా ఎత్తుకురండి అని శిష్యులకి చెప్తాడు. అందరూ తెస్తారు. ఒక్కడు ఉత్త చేతుల్తో వస్తాడు. ఎవరూ లేని చోటనుకున్నా అక్కడ నేనున్నాను కదా అంటాడు. దేవుడు చూస్తున్నాడని ఆగడం, నేను చూస్తున్నానని ఆగడం, ఈ రెండూ ఒకటేనా అని పిల్లల్ని అడిగారు. మా కొట్లో సీసీ కెమెరా ఉంది. పనివాళ్ళు దానికేసి చూసే చూపు నాకు బాగా తెలుసు. కరెంటు పోయిన రోజున ఆ చూపు ఎటు పోతుందో కూడా తెలుసు. పిల్లలు ఏం జవాబు చెప్పారో నాకు గుర్తులేదు గాని ఆ ప్రశ్న మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

షెడ్డు వెనక గోడకి ఒక చెక్క అర ఉంది. దాని మీద పెన్సిళ్ళు, రబ్బర్లు, స్కేళ్ళు, గీతల పుస్తకాలు. అట్టముక్క మీద ధరలు. పక్కనే మూతకి గాడి కోసిన పాలపొడి డబ్బా. అమ్మేవాళ్ళు ఎవరూ ఉండరు. తీసుకో, డబ్బులు వెయ్యి. నెలాఖరు ఆదివారం డబ్బా చాప మీద బోర్లించి పిల్లలతోనే లెక్క పెట్టిస్తారు. బోర్డు మీద రెండే అంకెలు రాస్తారు: ఎంత సరుకు పోయింది, ఎంత డబ్బు వచ్చింది. తేడా ఉంటే ఉంది. ఎవరని అడగరు. ఆ తేడా ఫీజు డబ్బుల్లోంచి సర్దుతారు. వ్యాపారస్తుడిగా చెప్తున్నాను, వచ్చే తేడా మరీ ఘోరం కాదు. ఇద్దరు పనివాళ్ళు, ఒక కెమెరా ఉన్న నా కొట్లో తరుగుతో పోలిస్తే సిగ్గుపడాల్సింది నేనే.

ఆ లెక్కల రోజు ఒకటి కొంచెం వివరంగా చెప్పాలి. నేను సరుకు దింపడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. డబ్బాలోంచి బిళ్ళలు, నోట్లు పడ్డాయి. అందులో ఒక 10 రూపాయల నోటు నాలుగు మడతలు వేసి ఉంది. లెక్కపెడుతున్న పిల్ల విప్పింది. ఒక మూల లేదు, మధ్యలో ప్లాస్టరు. 'ఇది చెల్లదు మాస్టారూ' అని తీసి పక్కన పడేసింది. నా నోరు ఊరుకోదు కదా. 'చెల్లకేం, బేంకులో మారుస్తారు. 20 దాకా చిన్న నోట్లకి సగం కంటే పెద్ద ముక్క ఉంటే పూర్తి డబ్బులిస్తారు, రిజర్వు బ్యాంకు రూలు' అన్నాను.

మాస్టారు నాకేసి చూసి, 'నోటు విలువ సంగతి షావుకారు గారు చెప్పారు, బాగుంది' అన్నారు. పిల్లలకేసి తిరిగి, 'డబ్బాలో ఏసినోళ్ళు ఇది ఇప్పి ఏసారా, మడిచి ఏసారా?' అనడిగారు.

'మడిచి.'

'ప్లాస్టరు పైకుందా, లోపలికుందా?'

'లోపలికి.'

ఇక కాసేపు మాటల్లేవు. ఆ కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు వేసిందే కదా. ఎవరూ ఎవరికేసీ చూడలేదంటే నమ్మండి. చివరికి వెనకనుంచి ఒకడు అన్నాడు: 'ఎవులో మనకి అంటగడితేనే కదా మాస్టారూ, మనం ఇంకోడికి అంటగట్టేది.' వాడే వేశాడో, వేసినవాడి తరపున మాట్లాడాడో తెలీదు.

'అలా అంటగట్టినోడి మీద నీకు కోపమొచ్చిందేటి?'

'మరి రాదా?'

'ఇప్పుడీ డబ్బాకి ఎవరి మీద కోపం రావాలి?'

గుంటలు నవ్వేశారు, డబ్బాకి కోపమేమిటని. మాస్టారు కూడా నవ్వారు. ఆ నోటుని గుండుసూదితో బోర్డు మూలకి గుచ్చారు. ఎవరికైనా తీసుకుని వేరేది వెయ్యాలనిపిస్తే వెయ్యొచ్చు, నాకు చెప్పక్కర్లేదు అన్నారు. కథైతే మరుసటి వారానికి అక్కడ కొత్త నోటు ఉండాలి. లేదు. ఆ చిరుగు నోటు ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది, దుమ్ము కూడా పట్టింది. కాని మా అమ్మాయి సెలవు రోజుల్లో గల్లా దగ్గర కూర్చున్నప్పుడు, మడతపెట్టి ఇచ్చిన ప్రతి నోటూ విప్పి చూస్తోంది. మా కొట్లో మడతల్లో వచ్చే నోట్ల సంగతి నాకు కొత్త కాదు. చిరుగు లోపలికి పెట్టి మడిచిన చెయ్యి ఎందుకు మడిచిందో ఆ చేతికి తెలుసు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా, పిల్లలకి మనస్సాక్షి అంటే ఏమిటో చెప్పడానికి ఇది పనికొస్తుందని నాకెప్పుడూ తట్టలేదు.

ఇక ఏ వయసు పిల్లల్ని పంపాలి అన్నది. మా ఆవిడ టీచరు. పియాజే అనే స్విట్జర్లాండు ఆయన 1932 లో పిల్లల నీతి గురించి రాసిన పుస్తకం సంగతి తను బీఎడ్‌లో చదువుకుంది. అందులో ఉన్న ప్రశ్ననే మాస్టారు ఇక్కడ అడిగారు. ఒకడు తలుపు తోస్తే వెనకాల ఉన్న 15 కప్పులు తెలియకుండా పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జాము దొంగతనంగా తీయబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవడిది ఎక్కువ తప్పు? మాస్టారు జాము తీసేసి అరిసెల డబ్బా పెట్టారు. మా వాడు ఒక్క క్షణం ఆలోచించకుండా '15 పగలగొట్టినోడిదే' అన్నాడు. అక్క వాడి నెత్తిన ఒకటి మొట్టింది. పియాజే కూడా అదే చెప్పాడట, చిన్నపిల్లలు నష్టం ఎంతన్నది చూస్తారు, కొంచెం పెరిగాక గాని ఉద్దేశం చూడరు అని. కాబట్టి ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలైతే తొందరపడొద్దు. మా వాడు వెళ్ళేది అరటిపళ్ళ కోసం. వాడికీ ఫీజు 300 తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. అడిగాను కూడా. చిన్నవాళ్ళకి సగం చేస్తే బాగుంటుంది.

బాగోలేనివి కూడా చెప్పాలి. ఒకటి, గోడ మీద చుక్కల పట్టీ. ఆ డిగ్రీ కుర్రాళ్ళ ఆలోచన. నిజం చెప్తే ఒక బంగారు స్టిక్కరు, దొరికిన వస్తువు తిరిగిస్తే రెండు, పది స్టిక్కర్లకి చాక్లెట్టు. వారం తిరిగేసరికి 'దొరికిన' వస్తువులు ఎక్కడ లేనివీ దొరకడం మొదలెట్టాయి. ఇద్దరు స్నేహితులు ఒకే పెన్ను పారేసుకోవడం, దొరకబుచ్చుకోవడం, తిరిగివ్వడం. చూస్తే ముద్దొచ్చింది గాని నేర్పుతున్నదేమిటి? 1973 లో అమెరికాలో లెప్పర్ బృందం నర్సరీ పిల్లల మీద చేసిన పరిశోధన మా ఆవిడ నాకు చెప్పింది. బొమ్మలు వెయ్యడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి, వేస్తే బంగారు ముద్ర ఉన్న బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు. తరవాత ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వెయ్యడం తగ్గించేశారు. నాకు పరిశోధన అక్కర్లేదు. కూలిచ్చి చేయించిన పని కూలి ఆపితే ఆగుతుందని కొట్లో రోజూ చూస్తాను. మాస్టారికి చెప్తే, 'కుర్రాళ్ళ ఉత్సాహం చంపకూడదండీ' అన్నారు. పట్టీ ఇంకా ఉంది.

రెండోది, మాస్టారు ఊళ్ళో లేని ఆదివారాలు. ఆయన బదులు చెప్పేవాళ్ళు 'అబద్ధమాడితే కళ్ళు పోతాయి' ధోరణిలోకి వెళ్ళిపోతారు. ఆ రోజు మా వాడు రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. భయపెడితే మంచిదే కదా అనేవాళ్ళకి ఒక మాట. కెనడాలో 2014 లో కాంగ్ లీ అనే ఆయన, తోటివాళ్ళు కలిసి మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకి కథలు చదివి వినిపించి చూశారు. మన 'నాన్నా పులి' లాంటి కథ, అబద్ధమాడినవాడు అన్యాయమైపోయే కథ, విన్న పిల్లలు నిజం చెప్పడం పెరగలేదు. చెట్టు నరికానని ఒప్పుకున్న పిల్లవాణ్ణి తండ్రి మెచ్చుకున్న కథ విన్నవాళ్ళలో పెరిగింది. అదే కథని తిప్పి, అబద్ధం చెప్పి శిక్ష పడినట్టు చదివితే ఆ ఫలితం పోయింది. కళ్ళు పోతాయి అనేవాళ్ళకి ఈ ముక్క ఎవరైనా చెప్పాలి.

మూడోది ఇప్పుడు లేదు గాని రాస్తాను, ఎందుకంటే ఇలాంటి బళ్ళు పెట్టే ప్రతివాళ్ళకీ ఈ సరదా ఉంటుంది. ఈ వారం చేసిన తప్పు లేచి అందరిముందు చెప్పాలి. మొదట్లో ఎవరూ చెప్పలేదు. తరవాత చెప్పినవాళ్ళకి మెప్పు దొరకడం చూసి తప్పులు కల్పించడం మొదలెట్టారు. ఒకడు వాళ్ళ మేనమామ బండి పెట్రోలు తీశానన్నాడు. ఆ మేనమామకి బండే లేదు. ఇప్పుడు మాస్టారు చిన్న కాగితం ఇస్తారు. రాసుకో, చదువుకో, నువ్వే చింపెయ్. రాయడం రానివాళ్ళు బొమ్మ వెయ్యొచ్చు. ఏ కాగితంలో ఏముందో ఎవరికీ తెలీదు. ఇది చాలా నయం.

ఈ బడిలో ఇంకెక్కడా దొరకనిది మా ఊరి కథ. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే రాజావారి స్కూల్లో పనిచేశారు, ఇక్కడే సవర భాష నేర్చుకుని సవరలకి బళ్ళు పెట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. తెలుగువాళ్ళు ఎక్కువున్న భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండాలని ఆయన వాదించారు. నెగ్గలేదు. ప్రారంభోత్సవానికి ముందురోజు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికాయనకి 70 దాటాయి. అవతలి పక్క మహారాజా కృష్ణచంద్ర గజపతి. ఒడియావాళ్ళకి ఒక రాష్ట్రం ఉండాలని పాటుపడ్డవారు. 1937 లో ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి అయ్యారు, ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు. 1992 లో గంజాం నుంచి విడదీసిన మా జిల్లాకి గజపతి అన్నది ఆయన పేరే.

క్లాసులో ఒడియా ఇళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. 'ఇద్దర్లో ఎవరిది రైటు మాస్టారూ?' అని ఒకత్తె అడగనే అడిగింది. నేనైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆయన, 'రైటెవరిదో తరవాత చూద్దాం. లోపలి మాట వినడానికి ముసలాయన ఏం ఒదులుకున్నాడు?' అన్నారు. ఇల్లు, స్నేహితులు, రాజుగారి అభిమానం అని పిల్లలు ఒక్కోటే చెప్పారు. ఒక ఒడియా కుర్రాడు, 'మరి రాజుగారు ఏమీ ఒదులుకోలేదా?' అన్నాడు. 'మంచి మాటడిగావు. మీ తాతగారిని అడిగి వచ్చే వారం నువ్వే చెప్పు' అన్నారు. మనస్సాక్షి అందరికీ ఒకే మాట చెప్తుందని నేర్పే క్లాసులే నేను చూశాను. ఒకే ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులకి రెండు మాటలు చెప్పొచ్చని, అయినా ఇద్దర్నీ గౌరవించొచ్చని పదేళ్ళ పిల్లల ముందు పెట్టడానికి దమ్ముండాలి.

పంపేముందు మీరు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ సరుకు ఇంటికొచ్చాక ఊరుకోదు. గాంధీగారి చిన్నప్పటి కథ అందరికీ తెలిసిందే. రాజ్‌కోట హైస్కూల్లో ఇన్‌స్పెక్టరు అయిదు ఇంగ్లీషు మాటలు రాయమంటే ఒకదానికి స్పెల్లింగు తప్పు రాశారు. పక్కవాడి పలక చూడమని టీచరు బూటుకాలితో తన్ని సైగ చేసినా చూడలేదు. ఈ కథ విన్న కొన్నాళ్ళకే మా అమ్మాయి స్కూలుకి తనిఖీ అన్నారు. వారానికి రెండు లైబ్రరీ పీరియడ్లు ఉంటాయని చెప్పండి అని పిల్లలకి ముందే నూరిపోశారు. ఆ గది తాళం తియ్యగా మా అమ్మాయి ఎప్పుడూ చూడలేదు. 'అమ్మా, నన్నడిగితే ఏం చెప్పను?' అని వంటింటి గుమ్మంలో నిలబడింది.

మా ఆవిడ కూడా టీచరే కదా, తనిఖీ అంటే ఏమిటో తెలిసిన మనిషి. పోపు మాడుతున్నా స్టవ్వు కట్టేసి ఆలోచించింది. 'అడిగితే నీకు తెలిసింది చెప్పు. అడక్కపోతే లేచి చెప్పక్కర్లేదు' అంది. అది సగం నిజం కాదా అని నేనన్నాను. ఆ రాత్రి మేమిద్దరం వాదించుకున్నది పిల్లలు విన్నారు, విననీ. తీరా తనిఖీకి వచ్చినాయన ఆ తరగతి గదిలోకే రాలేదు. మా అమ్మాయి నిరుత్సాహపడింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. పిల్ల బుద్ధిగా ఉంటుంది, చెప్పినమాట వింటుంది అనుకుని పంపేవాళ్ళయితే మీ 300 దండగ. చెప్పినమాటకి ఎదురు అడుగుతుంది.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ చుక్కల పట్టీ తీసేస్తే నాలుగున్నర. చేర్చేవాళ్ళకి: కొత్త పిల్లల్ని రథయాత్ర అయ్యాక తీసుకుంటారు, ఎండాకాలం రెండు నెలలు సెలవు. ఫీజు నెల మొదట్లో, రసీదు అడిగితేనే ఇస్తారు, అడగండి. రేకుల షెడ్డు, ఒకటే ఫ్యాను, నీళ్ళసీసా పంపండి. ఒడియా పిల్లలకి భాష ఇబ్బంది లేదు, మాస్టారు అటూ ఇటూ కలిపి చెప్తారు. పాతపట్నం నుంచి ఒకరిద్దరు బస్సులో వస్తున్నారు, వాళ్ళకోసం 10 కల్లా ఖచ్చితంగా వదిలేస్తారు. చిల్లర బిళ్ళలు ఇచ్చి పంపండి, ఆ డబ్బా దగ్గర తిరిగి చిల్లర ఇచ్చేవాళ్ళు ఉండరు.